ఊచల సందుల్లోంచి జారినవి

మా వదిన లెక్కలో లావుగా ఉన్నదల్లా ఆరోగ్యంగా ఉన్నట్టే. మనిషైనా అంతే, చేపైనా అంతే. పెళ్ళైన ఏడాదికల్లా మా అన్నయ్యని చొక్కా గుండీలు పట్టనంతగా తయారుచేసి, ఇప్పుడు మనిషిలా ఉన్నారని సంబరపడింది. నన్ను చూస్తే మాత్రం ఆవిడకి ఒళ్ళు మండేది. ఎంత తిన్నా నాకు కండ పట్టదు, నా పుట్టుకే అంత. నలుగురూ ఉన్నప్పుడు చూసి, మా ఆడపడుచుకి నేను తిండి పెట్టట్లేదనుకుంటారేమో అని నవ్వుతూ అంటించేది. నేనూ నవ్వుతూనే, పెట్టేది నోట్లో పెట్టుకునేలా ఉంటే కదా అనేదాన్ని. మా ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

ఇంటివరకే అయితే నా గది తలుపేసుకుని పడి ఉండేదాన్ని. కానీ ఆవిడ నాకు ఇంట్లో వదిన, పనిలో పై అధికారి. పొద్దున్న వంటింట్లో మొదలైన గొడవ షెడ్డులో సాగేది, షెడ్డులో మిగిలింది అన్నం దగ్గర తేలేది. మధ్యలో మా అన్నయ్య కంచంలోకి చూస్తూ గబగబా తినేసి లేచేవాడు. మా అమ్మకి చెవులు సరిగ్గా వినపడవు. కాబట్టి ఆ ఇంట్లో సుఖపడింది అమ్మొక్కతే.

షెడ్డంటే చేపపిల్లల్ని పెంచే షెడ్డు. రేకుల కప్పు, రెండు వరసల సిమెంటు తొట్లు, ఎప్పుడూ తడిగా ఉండే నేల, గుమ్మం దగ్గర రబ్బరు బూట్లు, లోపలికి అడుగుపెట్టగానే ముక్కుకి తగిలే మేత వాసన. అందులో ఉన్నదంతా ఒకటే జాతి. మేం దాన్ని చారచేప అంటాం. వేలెడంత ఉంటుంది, పక్కన నల్లటి చార. ఊరికి ఎగువనున్న వాగులో తప్ప ఇంకెక్కడా లేదు. తినడానికి పనికిరాదు, చూడటానికి అందమూ లేదు, దీనికోసం ఇంత హడావుడి దేనికని అడిగేవాళ్ళకి జవాబు చెప్పడం నేను ఎప్పుడో మానేశాను.

ఊళ్ళో కుళాయిలకి నీళ్ళు చాలక ఆ వాగుకి అడ్డంగా ఆనకట్ట కట్టారు. కడుతున్నన్నాళ్ళూ కింద వాగు ఎండిపోయి రాళ్ళు తేలింది. పూర్తిగా ఎండకముందే మేం గుంటల్లో మిగిలిన చారచేపల్ని బకెట్లతో తోడి తెచ్చి తొట్లలో వేశాం. ఆనకట్ట పూర్తయ్యాక పక్కనున్న చిన్న గేటు తెరిచి వాగులోకి కొంత నీరు వదులుతామని నీళ్ళశాఖవాళ్ళు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నది ఊరికే కాదు. మేం చేపల్ని మళ్ళీ వాగులో వదలాలి, అవి అక్కడ నిలవాలి. నిలిస్తే గేటు తెరిచే ఉంటుంది. నిలవకపోతే మూసేస్తారు, ఆ నీళ్ళు కూడా గొట్టాల్లోకే పోతాయి. అంటే వాగు బతకాలంటే చేప నిలవాలి, చేప నిలవాలంటే ఎదురునీటికి తట్టుకునే ఒళ్ళు దానికుండాలి. మా గొడవంతా ఆ ఒంటి గురించే.

నీళ్ళు పరిగెత్తే చోట చేప సన్నగా ఉండాలి. తల కొసదేరి, నడుం పొడుగ్గా, తోక మొదలు మాత్రం దిట్టంగా ఉండాలి. అలాంటి చేప రాయి వెనక చేరి, ముందు రెక్కలు అడుగుకి ఆనించి, ఎంత ప్రవాహమొచ్చినా కదలకుండా నిలబడుతుంది. అదే చేప నిలవనీళ్ళలో పెరిగితే వెడల్పవుతుంది. వీపు ఎత్తుగా లేస్తుంది, పొట్ట దిగుతుంది, తోక మొదలు పీలగా తయారవుతుంది. నిలవనీళ్ళలో అది తప్పేం కాదు. అక్కడ పరిగెత్తే పని లేదు, ఉన్నచోటే గిర్రున తిరిగి మేత అందుకుంటే చాలు, దానికి వెడల్పాటి ఒళ్ళే మేలు. ఆ ఒళ్ళు వేసుకుని వాగులోకి దిగితే మాత్రం, ఈదురుగాలిలో పెద్ద అట్టముక్క అడ్డంగా పట్టుకుని నడిచినట్టే ఉంటుంది. ఇది మా పనిలో ఉన్నవాళ్ళకి తెలియని సంగతి కాదు. మా వదినకీ తెలుసు. తెలిసీ ఖాతరు చేయలేదు, అదీ నా కడుపుమంట.

అబద్ధం చెప్పను, ఆవిడ వచ్చాకే షెడ్డులో చావులు ఆగాయి. అంతకుముందు నా అజమాయిషీలో తొట్లలోకి మోటార్లతో జోరుగా నీళ్ళు తోసేవాళ్ళం. వాగు చేప కాబట్టి వాగు నీళ్ళలాగే ఉండాలన్నది నా పట్టుదల. గుడ్డులోంచి వచ్చిన పసిపిల్లలు ఆ జోరుకి ఆగలేక జాలీలకి అంటుకుని చచ్చిపోయేవి. పొద్దున్నే ఆ జాలీలు తుడుస్తుంటే నాకు ఏడుపొచ్చేది. తిండిచేపల ఫారంలో పేరు తెచ్చుకున్న మా వదిన బదిలీ మీద వచ్చింది, చూసింది, మోటార్లన్నీ ఆపించింది. పిల్లలు బతికాయి. అక్కడితో ఆవిడ మాటకి తిరుగులేకుండా పోయింది.

బతికించినందుకు నేను దణ్ణం పెట్టేదాన్నే. కాస్త పెద్దవయ్యాక మోటార్లు మళ్ళీ వేద్దామంటే ససేమిరా అంది. ఇప్పుడు బాగా ఒళ్ళు చేస్తున్నాయి, ఎందుకు చెడగొడతావంది. ఆవిడ ఫారం నుంచి తనతోపాటు ఊచల పెట్టె ఒకటి తెచ్చింది. అడుగున పలకకి బదులు వరసగా ఊచలుంటాయి. చేపల్ని అందులో పోసి నీళ్ళలో ఆడిస్తే సన్నవి ఊచల సందుల్లోంచి జారిపోతాయి, లావువి పైన మిగులుతాయి. తిండిచేపలకి అది పనికొచ్చే పనిముట్టే. లావుగా ఎదిగినవాటిని ముందు అమ్ముకుంటారు, సన్నవాటికి ఇంకా మేత వేస్తారు. ఆవిడ ఆ పెట్టెని మా చారచేపల మీద పెట్టింది. పైన మిగిలినవి మంచివి, వాటికి మంచి తొట్టి. జారిపోయినవి ఎదుగులేనివి, వాటిని తీసి షెడ్డు వెనక బయటి కాలువలో పారేయమంది.

వాగుకి కావలసిన చేపల్నే ఏరి ఏరి పారేస్తున్నావు వదినా అని నేను మొత్తుకున్నాను. ఒకసారి కాదు, పెట్టె నీళ్ళలో ముంచిన ప్రతిసారీ. గోడకి చెప్పుకున్నట్టే అయింది. మొదట్లో ఆవిడ ఓపిగ్గానే జవాబు చెప్పేది. చేప బలంగా ఉంటే ఏ నీళ్ళైనా ఒకటేననేది. తర్వాత తర్వాత నా వంకైనా చూడకుండా, "ఆడపడుచు పెత్తనం ఇంట్లో చూపించమ్మా, ఇక్కడ కాదు" అని అందరూ వినేలా అనేది. షెడ్డులో పనిచేసేవాళ్ళు మొహం తిప్పుకుని నవ్వుకునేవాళ్ళు. నన్ను వెనకాల చిర్రుబుర్రు అని పిలుస్తారని నాకు తెలుసు. మా చేపలశాఖ పెద్దాఫీసుకి చెప్పి చూశాను. అక్కడి పెద్దాయన తాపీగా విని, వదినా ఆడపడుచులన్నాక ఇలాంటివి ఉంటాయమ్మా, ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి అని పంపేశాడు.

తప్పు ఆయనది కూడా కాదు. నేనేం మాట్లాడినా అందులో సగం చేపలుండేవి, సగం మా ఇల్లుండేది. ఆవిడ కూరలో నూనె పోయడం గురించీ, అన్నయ్య పొట్ట గురించీ, తొట్లలో మేత గురించీ ఒకే ఊపులో మాట్లాడేదాన్ని. నా నోరు మంచిది కాదు. నోరు పారేసుకున్నప్పుడల్లా నా మాట విలువ కొంచెం కొంచెం పోతోందని గ్రహించాను గానీ, ఆవిడ మొహం చూస్తే ఆగలేకపోయేదాన్ని.

బయటి కాలువ షెడ్డు వెనక గోడని ఆనుకుని ఉంటుంది. తొట్లు కడిగిన నీళ్ళన్నీ అందులోకే దూకుతాయి. వాలు బాగా ఎక్కువ, నీళ్ళు హోరుమంటూ పోతాయి. చివర జాలీ. ఆ కాలువలో పడ్డ సన్నచేపలు చచ్చిపోతాయనే అందరూ అనుకున్నారు. కొన్ని పోయాయి కూడా. మిగిలినవి మొండికేశాయి. నేను నాలుగు పెద్ద రాళ్ళు తెచ్చి కాలువలో అక్కడక్కడ వేసి, మేత అడుగూబొడుగూ ఉంటే దులిపేదాన్ని. జాలి కొంత, వదిన మీద కసి కొంత, కసే ఎక్కువ. ఆవిడ పారేసినవి బతికితే చాలు, నాకు అంతకన్నా పండగ లేదనుకునేదాన్ని.

బతికాయి. బతకడమే కాదు, కళ్ళముందే వాటి రూపం తేలింది. నడుం సాగింది, తోక మొదలు గట్టిపడింది, ముందు రెక్కలు విసనకర్రల్లా విచ్చుకున్నాయి. లోపల తొట్లలో వాటి తోబుట్టువులు వీపు మీద గూనితో, కింద వేలాడే పొట్టలతో, పైనుంచి పడే మేతకోసం నోళ్ళు పైకెత్తుకుని తేలుతున్నాయి. ఒకే తల్లుల గుడ్లు. ఒకే వారం పొదిగినవి. పక్కపక్కన పెడితే ఇవీ అవీ ఒకటేనని ఎవరూ అనరు. ఒకరోజు వదిన కాలువ దగ్గరికి వచ్చి కాసేపు చూసింది. ఏమైనా అంటుందేమోనని నేను చీపురు పట్టుకుని నిలబడ్డాను. "ఏడ్చినట్టున్నాయి," అని లోపలికి పోయింది.

చేపల్ని వదిలే రోజు వచ్చింది. లావు చేపలన్నిటినీ నీళ్ళ ట్యాంకరులో ఎక్కించారు. ట్యాంకరు నడిపేది మా అన్నయ్యే. వదిన ఇస్త్రీ చీర కట్టుకుని ముందుసీటులో కూర్చుంది. నేను వెనకాల, రెండు కాళ్ళ మధ్య మూతపెట్టిన బకెట్టు పెట్టుకుని కూర్చున్నాను. అందులో కాలువ చేపల్లో సగం ఉన్నాయి. వాటిని తీసుకెళ్ళింది వాగు మీద ప్రేమతో అనుకునేరు. కాదు. లావు చేపలు కొట్టుకుపోతాయని నాకు తెలుసు. పోయాక అందరి ముందూ వీటిని చూపించి వదినకి తలకొట్టేసినట్టయ్యేలా చేయాలన్నదే నా పన్నాగం.

ఆనకట్ట దగ్గర గేటు ఇంజనీరు మా కోసం ఎదురుచూస్తున్నాడు. నీళ్ళశాఖ మనిషి, పొడవాటి మనిషి, మాటకి ముందు గొంతు సవరించుకునే అలవాటు. ఆయనకి ఆ గేటు తెరవడమే ఇష్టం లేదు. ఊళ్ళో జనం బిందెలు పట్టుకుని కొట్టుకుంటుంటే రాళ్ళ మీద నీళ్ళు పారబోస్తున్నామని ఆయన బాధ. ఆ బాధ అబద్ధం కూడా కాదు. అన్నయ్య గొట్టం తిప్పాడు, చేపలు ఒడ్డువార నెమ్మదైన నీళ్ళలోకి దిగాయి. గుంపుగా చేరి తిరుగుతుంటే ఎండకి మిలమిల్లాడాయి. చూడటానికి వచ్చిన ఊరివాళ్ళు చప్పట్లు కొట్టారు. వదిన నా వైపు చూసింది. ఆ చూపు చాలు, నేను బకెట్టు పిడి బిగించి పట్టుకున్నాను.

ఇంజనీరు చెయ్యి ఊపాడు. గేటు పూర్తిగా లేచింది. నీళ్ళు వచ్చాయి, మరీ వరదేం కాదు, ఆ వాగులో మామూలుగా పారే నీళ్ళే. గుంపు ఒక్కసారిగా చెదిరింది. లావు చేపలు ఎదురీదబోయాయి, ఆ ఎత్తైన వీపులకి నీళ్ళు తగిలి పక్కకి ఒరిగాయి, ఒరిగినవి అడ్డంగా తిరిగాయి, తిరిగినవి కొట్టుకుపోయాయి. రాళ్ళ వెనక చేరడం వాటికి తెలియలేదు. కింద వంతెన దగ్గర చెత్త ఆపడానికి కట్టిన జాలీకి పోయి ఒకదానిమీద ఒకటి అతుక్కున్నాయి. చప్పట్లు కొట్టినవాళ్ళు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డారు. వదిన చీర తడుస్తున్నా చూసుకోకుండా నీళ్ళలోకి దిగి, జాలీ నుంచి చేపల్ని చేతులతో ఏరుతూ ఉండిపోయింది.

నాకు సంతోషమేసింది. ఉన్నమాట చెప్తున్నాను, కళ్ళు చల్లబడ్డాయి. అన్నాళ్ళూ నేను మొత్తుకున్నది కళ్ళెదురుగా రుజువైంది, ఇక నోరు తెరవడమే తరువాయి అనుకున్నాను. నేను తెరిచేలోపు ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. ఆయన ఎవరినీ తిట్టలేదు, ఎగతాళి చేయలేదు. ఈ వాగు ఈ చేపకి పనికిరాదని తేలిపోయింది, అందరూ చూశారు, ఇక గేటు తెరిచి ఉంచడానికి కారణం లేదన్నాడు. ఫోను తీసి పైన గేటు మనిషికి నంబరు కలపబోయాడు. నేను వదినని ఓడించాననుకున్నాను. ఓడింది వాగు.

ఆగండి ఆగండి అని పరిగెత్తాను. బకెట్టు మూత తీసి, ఆయన ఎదురుగానే వాగు నడిమధ్యకి దిగి, సన్నచేపల్ని దోసిళ్ళతో వదిలాను. మోకాళ్ళ దగ్గర నీళ్ళు నన్నే తోసేస్తున్నాయి. చేపలు ఒక్క క్షణం కిందికి జారాయి, అంతలోనే తలలు ఎగువకి తిప్పాయి, రాళ్ళ వెనక్కి చేరాయి, రెక్కలు అడుగుకి ఆనించి నిలబడిపోయాయి. ఎంతసేపు చూసినా అక్కడే ఉన్నాయి. ఒకటి నీళ్ళలో కొట్టుకొస్తున్న పురుగుని చటుక్కున అందుకుని మళ్ళీ తన రాయి దగ్గరికే వచ్చింది. ఇంజనీరు ఫోను దించాడు. ఒడ్డున గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు.

తర్వాత ఒక సన్నచేపని నా చేతే పట్టించి, జాలీ దగ్గర చచ్చిన లావు చేపనొకదాన్ని తెప్పించి, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఇది వేరే చేపమ్మా," అన్నాడు.

కాదని చెప్పాను. ఒకే తల్లి పిల్లలని, పెరిగిన నీళ్ళు వేరు కావడంతో ఒళ్ళు ఇలా మారిందని, పైగా ఊచల పెట్టెతో సన్నవాటిని వేరు చేశామని చెప్పాను. కంగారులో ముందుది వెనకా వెనకది ముందూ చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మీరు ఏ కొండవాగులోంచో పట్టుకొచ్చి ఉండొచ్చు, ఒప్పందం షెడ్డులో పెంచిన చారచేప గురించి, ఇంకో చేప గురించి కాదన్నాడు. నేను గొంతు పెంచాను. ఆయన పెంచలేదు. "మీకూ మీ వదినగారికీ ఉన్న సంగతి ఆఫీసులన్నిటికీ తెలుసు. మీ ఇంటి గొడవ నా గేటు దాకా తేకండి. ఇది అదే చేపని ఆవిడ చెప్తే వింటాను," అన్నాడు.

అన్నాళ్ళూ నేను పారేసుకున్న మాటలన్నీ అక్కడికి వచ్చి నా మెడకి చుట్టుకున్నాయి. నిజం నా చేతిలో తోక ఆడిస్తూ ఉంది, అయినా నా నోటికి విలువ లేదు. దానికి విలువ రావాలంటే వదిన నోటినుంచి రావాలి. ఆవిడ చెప్పాలంటే తన పెట్టె తప్పు, తన తొట్లు తప్పు, అన్నిటికన్నా ముఖ్యంగా నేను ఒప్పు అని ఇంతమంది ముందు ఒప్పుకోవాలి. ఆవిడ స్థానంలో నేనుంటే ఒప్పుకునేదాన్నా అంటే, ఏమో, నాకు నమ్మకం లేదు.

ఆవిడ ఒడ్డుకొచ్చింది. చేతులనిండా పొలుసులు, చీర మోకాళ్ళ దాకా బురద. ఏడుస్తోందనుకున్నాను, ఏడవట్లేదు. ఇది అదే చేపేనా అని ఇంజనీరు అడిగాడు. నన్ను ఇటు రమ్మని ట్యాంకరు వెనక్కి తీసుకెళ్ళింది. నేను ముందే చేతులు జోడించాను. ఆవిడకి నేను చేతులు జోడించడం అదే మొదలు.

"ఇందుకేగా బకెట్టు తెచ్చావు. నలుగుర్లో నా పరువు తీద్దామనేగా," అంది. నేను అవునన్నాను. ఇంకేం దాచను, అంతా తెలిసిన మనిషి దగ్గర.

"చెప్తాను. చెప్పాక నువ్వు మా ఇంట్లో ఉండకూడదు."

నాకు వెంటనే అర్థం కాలేదు. అమ్మ సంగతేంటని అడిగాను. అత్తయ్య తన దగ్గరే ఉంటారని, తను బాగా చూసుకుంటానని, అందులో నాకు అనుమానం అక్కర్లేదని చెప్పింది. నిజమే, అమ్మని ఆవిడ నాకన్నా బాగా చూసుకుంటుంది. నన్ను మాత్రం ఆ గుమ్మం తొక్కొద్దంది. తెల్లారి లేస్తే నీ మొహం, నీ మాట, ఇక నా వల్ల కాదంది. అవతల ఇంజనీరు మళ్ళీ ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం కనిపించింది.

"సరే," అన్నాను.

ఆవిడ వెళ్ళి ఇంజనీరు ముందు నిలబడింది. లావు చేపని ఒక అరచేతిలో, సన్నచేపని ఒక అరచేతిలో పెట్టుకుంది. గొంతు ఎక్కడా తగ్గించకుండా, వెనకనున్నవాళ్ళకి కూడా వినపడేలా చెప్పింది. రెండూ ఒకటే చేప, ఒకే గుడ్లలోంచి వచ్చినవి, పొదిగించింది తనే. పరిగెత్తే నీళ్ళలో పెరగాల్సినవాటిని తను నిలవనీళ్ళలో పెంచింది. సన్నగా పుట్టినవాటిని ఊచల పెట్టెతో వడగట్టి పారేసింది. లావునే ఆరోగ్యమనుకుంది. "వాగులో లోపం లేదండి. లోపం నాది. మా ఆడపడుచు మొదట్నుంచీ చెప్తూనే ఉంది. నేను వినలేదు." చివరి మాట ఇంజనీరుతో కాదు, నా కళ్ళలోకి చూస్తూ అంది. ఆ కళ్ళలో పశ్చాత్తాపం ఏమీ లేదు. నన్ను అంత ద్వేషంతో ఎవరూ చూడలేదు.

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. సన్నచేపల సంతానాన్ని పారే నీళ్ళలో పెంచి వచ్చే ఏడాది మళ్ళీ వదలాలని, అప్పటివరకు గేటు తెరిచే ఉంటుందని పైవాళ్ళచేత ఒప్పించాడు. చెప్పిన మాట నిలబెట్టుకునే మనిషి. పెద్దాఫీసువాళ్ళు ఊరుకోలేదు. వదినని అధికారి కుర్చీలోంచి దించి నన్ను కూర్చోబెట్టారు. ఇంకో చోటికి బదిలీ చేస్తారనుకున్నాను, చేయలేదు. పసిపిల్లల్ని చావకుండా బతికించడం ఆవిడకి తప్ప ఎవరికీ రాదు కాబట్టి అదే షెడ్డులో, నా కింద పెట్టారు. అది ఆవిడకి శిక్షో నాకు శిక్షో వాళ్ళు ఆలోచించి ఉండరు.

ఆ సాయంత్రమే ఇంట్లోంచి నా బట్టలు సర్దుకున్నాను. అన్నయ్య పెట్టె మెట్లమీదుగా కిందికి మోశాడు, ఒక్క మాటా అనలేదు. అననందుకు వాడి మీదా కోపమొచ్చింది. అమ్మ మంచం మీద కూర్చుని, ఎక్కడికే, ఎన్నాళ్ళకే అని అడుగుతూనే ఉంది. పని ఉందమ్మా, షెడ్డు దగ్గరే ఉండాలి అని చెవిలో అరిచి చెప్పాను. మధ్యమధ్యలో వచ్చి పోతుంటావుగా అంది. వస్తానన్నాను. వదిన వంటింట్లో గిన్నెలు సర్దుతోంది, నేను గడప దాటేదాకా ఆ చప్పుడు ఆపలేదు.

ఇప్పుడు షెడ్డు పక్కనున్న మేడమీద ఒక గదిలో ఉంటున్నాను. కింద కాలువ హోరు వినపడుతూ ఉంటుంది. లోపలి తొట్లని పగలగొట్టించి పొడవాటి కాలువలు కట్టించాను. పిల్లలు పసివిగా ఉన్నప్పుడు నీళ్ళు నెమ్మదిగా, ఎదిగేకొద్దీ జోరు పెంచుతూ పోవాలి. ఎప్పుడు ఎంత పెంచాలన్నది వదిన చెప్తే నేను ఒప్పుకుంటున్నాను. ఊచల పెట్టెని బద్దలు కొట్టించాలనుకున్నాను గానీ, ఆవిడ దాన్ని తిరగేసి వాడటం మొదలుపెట్టింది. కింద జారినవి ఉంచుతుంది, పైన మిగిలినవి తీసేస్తుంది. చేపలు బాగున్నాయి. సన్నగా, చురుగ్గా, చూడముచ్చటగా ఉన్నాయి. వాగులో వదిలినవి కూడా ఇంకా ఆ రాళ్ళ దగ్గరే ఉన్నాయి. నేను కోరుకున్నదంతా జరిగింది.

అమ్మకి ఫోనులో చెప్పేది వినపడదు. మోకాళ్ళు పట్టేసి మెట్లు దిగలేదు. అన్నయ్యని అడిగితే బాగానే ఉందంటాడు, వాడికి అంతకుమించి రాదు. ఎలా ఉందో సరిగ్గా చెప్పగలిగేది వదినొక్కతే. రోజూ నా ఎదురుగానే బూట్లు తొడుక్కుంటుంది, చేతులు కడుక్కుంటుంది, నీళ్ళలో వేలు ముంచి వేడి చూస్తుంది. ఎత్తిపొడవదు. దెప్పదు. నా బక్కతనం గురించి ఒక్క మాటా లేదు. నేను ఎంత కయ్యానికి కాలు దువ్వినా సమాధానం రాదు. నన్ను తిట్టినా బాగుండుననిపిస్తుంది.

నిన్న పొద్దున్న ఆగలేకపోయాను. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, దగ్గరికెళ్ళి, "వదినా, అమ్మ ఎలా ఉంది?" అని అడిగాను.

ఆవిడ తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుంది. నా మొహంలోకి చూడకుండా, ఏ కోపమూ లేకుండా, పై అధికారితో మాట్లాడినట్టే మాట్లాడింది. "ఆఫీసులో ఇంటి విషయాలెందుకు మేడమ్. మోటారు వెయ్యమంటారా?"

"వెయ్యండి," అన్నాను.